పైన ఇసుక, కింద బంక: మెట్ట పొలం తవ్వి చూడండి

మండపేటలో కాలవ కింద బరువు నేలలు చేసినవాళ్లం మెట్టలో కౌలుకి పొలం చూస్తే, గుప్పెడు మట్టి తీసి "ఇసకే కదా, నీరు నిలవదు" అనేస్తాం. అక్కడే మోసపోతాం. రంగంపేట, గండేపల్లి వైపు కొన్ని పొలాల్లో పైన ఎర్ర ఇసక, కింద బంకమట్టి ఉంటుంది. గోదావరి అవతల దేవరపల్లి, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు వర్జీనియా పొగాకు వేసే తేలిక నేలలూ ఈ కోవవే.

వాన నీరు ఇసకలోంచి గబగబా దిగి బంక మీద ఆగుతుంది. వాన తగ్గాక వేరు అక్కడిదాకా వెళ్తే ఆ తేమే చెట్టుని నిలబెడుతుంది. ముసురు పట్టిందా, పైన ఆరినట్టే ఉంటుంది, లోపల వేరుకి ఊపిరాడదు. కర్రపెండలం దుంప కుళ్లేది, బొప్పాయి పడిపోయేది ఇందుకే. అందుకని ఎత్తు బోదెల మీద నాటి, వాలుకి మురుగు కాలవ తీయాలి.

పై ఇసకలో సారం నిలవదు. జీవామృతం ఒకేసారి కుమ్మరించకుండా, కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వండి. ఆకు, గడ్డి ఆచ్ఛాదన తప్పనిసరి. వేరుశనగకి మాత్రం ఈ గుల్లతనం మహా బాగుంటుంది, ఊడ దిగడానికీ, కాయ పీకడానికీ.

అడ్వాన్సు ఇచ్చేముందు పొలంలో నాలుగు చోట్ల మూడడుగుల గొయ్యి తీయించండి. బంక ఒక్కో మూల ఒక్కో లోతులో తగలొచ్చు. పెద్ద వాన పడ్డ మర్నాడు మళ్లీ వెళ్లి, గోతిలో నీరు ఎక్కడిదాకా ఉందో చూసుకోండి.