పక్షవాతం: ఏ డాక్టరు ఏం చేస్తారు?



కాఫీ తాగుతున్న పెద్దాయన చేతిలోంచి గ్లాసు జారిపోతుంది. మూతి ఒక పక్కకి పోతుంది, మాట ముద్దగా వస్తుంది. "నీరసమేమో, కాసేపు పడుకోండి" అంటాం. తర్వాత వీధి చివరి డాక్టరుగారికి కబురు. మన ఇళ్ళలో వరస ఇదే. పక్షవాతానికి ఈ వరస పనికిరాదు.

చెయ్యి పడిపోయినా జబ్బు వచ్చింది మెదడుకి. ఎక్కువమందిలో రక్తనాళానికి గడ్డ అడ్డుపడుతుంది. కొందరిలో నాళం చిట్లి రక్తం కారుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ గడ్డ కరిగించే మందు రక్తం కారుతున్నవారికి ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే స్కాను తీయందే ఎంత అనుభవమున్న డాక్టరైనా మందు ఇవ్వలేరు. మనం ఇంట్లో ఆస్పిరిన్ మాత్ర వేయకూడదనేదీ ఇందుకే.

స్కాను చదివి చెప్పేది రేడియాలజిస్టు. ఇంజక్షను ఇవ్వాలో వద్దో తేల్చేది న్యూరాలజిస్టు, అంటే నరాల డాక్టరు. 1995లో ఈ మందు 3 గంటల్లోపు ఇస్తే మేలని పరిశోధనలో రుజువైంది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. ఎంత ముందైతే అంత మంచిది. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే నిపుణులు వేరే ఉంటారు. రక్తం కారినవారికి ఆపరేషను కావాలా అని చూసేది న్యూరోసర్జన్.

వీళ్ళందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" దానికి జవాబు మన దగ్గరే ఉంది. నిద్రలేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, లేచిన టైము చెప్పకండి. రాత్రి బాగున్నప్పుడు చూసిన టైము చెప్పండి. కాగితం మీద రాసుకోండి. వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళండి, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు.

నోట్లో నీళ్ళు పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పావురం రక్తం రాయించడానికని పరుగెత్తేవాళ్ళు ఇంకా ఉన్నారు! ఆ పరుగేదో 108కి ఫోను చేసి, స్కానూ నరాల డాక్టరూ ఉన్న ఆసుపత్రికి పెట్టండి.

గండం గడిచాక ఫిజియోథెరపిస్టు నడిపిస్తారు, స్పీచ్ థెరపిస్టు మాట నేర్పుతారు, మింగడమూ చూస్తారు. అత్తగారికి మాట రాకపోతే మతి పోయిందనుకోకండి. చాలామందికి మనం అనేదంతా అర్థమవుతూనే ఉంటుంది. ఇంకో మాట. లేవదీసేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, భుజం జారుతుంది. నడుం పట్టుకుని ఎలా లేపాలో ఇంటికి వచ్చేముందే ఫిజియోథెరపిస్టుగారిని అడిగి, వారి ఎదుట ఒకసారి చేసి చూపించండి.