ఏసీ మొత్తం పీకాలా, బెల్టు తీస్తే చాలా?

పాత కారులో ఏసీ చల్లబడకపోతే గ్యాస్ అయిపోయిందని చెప్పి పట్టిస్తారు. కొన్నాళ్లు చల్లగా వస్తుంది, తర్వాత మళ్లీ వేడిగాలే. ఈసారి వెళితే కూలింగ్ కాయిల్ లీకవుతోందని, డ్యాష్‌బోర్డు విప్పాలని, పనిలో పనిగా కంప్రెసర్ కూడా చూడాలని అంటారు. లెక్క కడితే ఖర్చు బండి ధరకు దగ్గర పడుతుంది. "మొత్తం పీకేస్తే పోలా?" అన్న మాట అప్పుడే నోటికొస్తుంది.

పీకేయొచ్చు. స్పానర్ పట్టడం తెలిసినవాళ్లకు అదేమంత కష్టమూ కాదు. పీకాక మిగిలే కంతలు, వైర్లు, గొట్టాల సంగతి చూడటమే అసలు పని. చాలాచోట్ల అదే సగంలో వదిలేస్తారు.

పీకితే మైలేజీ పెరుగుతుందని ఆశపడేవాళ్లు ముందు ఒక విషయం గమనించాలి. ఏసీ స్విచ్ ఆపేసి ఉంటే కంప్రెసర్ తిరగదు. దాని ముందున్న మ్యాగ్నెట్ క్లచ్ విడిపోయి, పుల్లీ ఒక్కటే బేరింగ్ మీద ఊరికే తిరుగుతుంటుంది. దానికి ఇంజిన్ పెట్టే బలం లెక్కలోకి రాదు. 37 హార్స్‌పవర్ మారుతి 800లో ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కితే తేడా బాగా తెలుస్తుంది కానీ, అది స్విచ్ నొక్కితే తీరే బాధ. ఇక బరువంటారా, చిన్న కారులో సామానంతా కలిపినా వెనక సీట్లో ఒక మనిషి దిగినంత తేడా కూడా రాదు.

కాబట్టి గ్యాస్ లేక మూలన పడ్డ ఏసీకి చాలాసార్లు బెల్టు తీసేయడమే చాలు. పుల్లీ బేరింగ్ గరగరమంటున్నా విరుగుడు అదే. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లకు ఏసీ బిగించి అమ్మింది. వాటికి క్లచ్ లేదు. చలికాలంలో ఏసీ వద్దనుకుంటే బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయాల్సిందే. మనం ఇవాళ చేసేదీ ఆ పనే! కాకపోతే ఇది కంప్రెసర్‌కు విడిగా బెల్టు ఉన్న పాత బండ్లకే కుదురుతుంది. ఒకే పొడవాటి బెల్టు ఆల్టర్నేటర్‌నూ వాటర్ పంపునూ కూడా తిప్పుతుంటే దాన్ని తీయకూడదు, పంపు ఆగి ఇంజిన్ వేడెక్కిపోతుంది. అలాంటి బండికి నాన్-ఏసీ మోడల్ బెల్టు సరిపోతుందేమో చూడాలి. లేదంటే కంప్రెసర్ ఉన్నచోట ఉత్త పుల్లీ ఒకటి బిగించాలి.

ఇవన్నీ ఆలోచించాక కూడా తీయాలనే అనుకుంటే, అందుకు తగిన కారణాలు లేకపోలేదు. అంబాసిడర్‌నో పద్మినినో మొదట వచ్చిన రూపంలోకి తేవాలనుకునేవాళ్లు తర్వాత బిగించిన ఏసీని ఉంచుకోరు. ఇంజిన్ దగ్గర చెయ్యి దూరే చోటు కావాలనుకునేవాళ్లూ ఉంటారు. ఎవరైనా సరే, మొదలుపెట్టాల్సింది గ్యాస్‌తోనే.

చాలాచోట్ల పైపు నట్టు వదులు చేసి, కస్సుమని గ్యాస్‌ను గాల్లోకి వదిలేస్తారు. ఒక్క నిమిషంలో అయిపోయే ఆ పనికి లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇప్పటి పాత కార్లలో ఎక్కువగా ఉండేది ఆర్-134ఏ. వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-134ఏ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. బండిలో అరకిలో ఉందనుకుంటే 715 కిలోలు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఆ ఒక్క కస్సు 300 లీటర్ల పైచిలుకు పెట్రోలు కాల్చినట్టు. 1990ల నాటి బండైతే అందులో ఆర్-12 ఉండొచ్చు. అది ఇంతకు ఏడెనిమిది రెట్లు చెడ్డది. పైగా ఓజోన్ పొరను తినేస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో ప్రపంచం దాన్ని వదిలించుకోవడం మొదలుపెట్టింది అందుకే. ఏ గ్యాసో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. స్టిక్కర్ పోతే గ్యాస్ పట్టించే మూతి చూడండి: టైరు వాల్వులా మర ఉంటే ఆర్-12 కాలం నాటిది, నొక్కితే పట్టుకునే నున్నటి మూతి అయితే ఆర్-134ఏ.

గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగేసే రికవరీ మెషీన్ ఉన్న షాపు వెతికి అక్కడ తీయించాలి. "ఇందులో గ్యాసెక్కడిదండీ, ఎప్పుడో పోయింది" అనే మాటను గేజీ పెట్టకుండా నమ్మొద్దు. లోపల గుక్కెడు ద్రవం మిగిలినా 35 డిగ్రీల ఎండలో గేజీ 115 పీఎస్ఐ దగ్గర నిలబడుతుంది. అంటే ముల్లు చూసి గ్యాస్ ఉందో లేదో తెలుస్తుంది, ఎంత ఉందో తెలియదు. ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. ద్రవం చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి చచ్చుబడుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. అందుకే చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. దగ్గర్లో మంట అసలే వద్దు, మంట తగిలితే ఈ గ్యాసులు విషవాయువులుగా మారతాయి.

గ్యాస్ పోయాక కంప్రెసర్, కండెన్సర్, డ్రయ్యర్ బాటిల్, పైపులు విప్పడం ఒక పూట పని. కండెన్సర్ పోతే రేడియేటర్‌కు గాలి బాగానే తగులుతుంది, కానీ ముందున్న ఫ్యాన్ దేనికి పనిచేస్తోందో చూడకుండా పీకొద్దు. కొన్ని బండ్లలో ఇంజిన్‌ను చల్లబరిచేదీ అదే. కార్బురేటర్ బండ్లలో ఇంకో మెలిక ఉంది. ఏసీ వేసినప్పుడు ఐడిలింగ్ పడిపోకుండా పెంచే చిన్న పరికరానికి ఇంజిన్ నుంచి ఒక సన్నని వాక్యూమ్ గొట్టం వెళుతుంది. పరికరం తీసి గొట్టం నోరు తెరిచి వదిలేస్తే అందులోంచి గాలి పీల్చి ఇంజిన్ ఊగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. పాపం మెకానిక్ కార్బురేటర్ విప్పి కడుగుతూనే ఉంటాడు! ఆ గొట్టానికి ఇంజిన్ వైపునే బిరడా పెట్టాలి. వైర్లను కూడా కోసి వదిలేయకుండా, ఏసీ ఫ్యూజు తీసి కనెక్టర్లకు టేపు చుట్టి కట్టేయాలి.

కూలింగ్ కాయిల్ డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. చాలా పాత కార్లలో బ్లోయర్‌కూ హీటర్‌కూ మధ్య ఒక పెట్టెలో దాన్ని కూర్చోబెడతారు. పెట్టె మొత్తం తీసేస్తే బ్లోయర్ గాలి ముందుకు వెళ్లే దారే తెగిపోతుంది. నాన్-ఏసీ బండిలో అక్కడ ఉండే ప్లాస్టిక్ డక్ట్ పాత సామాన్ల కొట్లో దొరుకుతుందేమో చూడాలి. దొరక్కపోతే లోపలి కాయిల్ మాత్రం తీసి, ఖాళీ పెట్టెను మళ్లీ బిగించడమే సులువు.

కాయిల్‌కు వచ్చే లావు పైపు, సన్న పైపు ఇంజిన్ వైపు నుంచి ఫైర్‌వాల్ దాటుకుని వస్తాయి. అవి పోయాక మిగిలే కంతల్లో వేలు దూరుతుంది. గుడ్డ కుక్కి సరిపెట్టొద్దు. వాటిలోంచి ఇంజిన్ వేడి కాళ్ల మీదికి కొడుతుంది, ఎలుకలకు రాజమార్గం అవుతుంది. ఈ రెండూ ఎలాగో భరించొచ్చు. ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకైతే కార్బన్ మోనాక్సైడ్ కూడా అదే దారిన లోపలికొస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. అద్దాలెత్తుకుని కూర్చున్న మనిషికి మత్తు కమ్ముతుంది, కారణం తెలియదు. అందుకని రేకు ముక్క కొలతకు కోసి, చుట్టూ సీలెంట్ పట్టించి, స్క్రూలతో బిగించాలి. చిన్న కంతకు బిగువైన రబ్బరు గ్రోమెట్ సరిపోతుంది. తర్వాత చీకట్లో ఒకరు ఇంజిన్ వైపు నుంచి టార్చి వేస్తే, ఇంకొకరు డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూడాలి. చుక్క వెలుతురు కనిపించినా పని మిగిలున్నట్టే.

ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, దానిలోని తేమనూ లాగేస్తుంది. అది లేని బండిలో వాన కురుస్తుంటే నలుగురి ఊపిరికే ముందు అద్దం మసకబారుతుంది. అప్పుడు హీటర్ గాలిని అద్దం వైపు తిప్పి, కిటికీ రెండు వేళ్లంత దించాలి. ఆ హీటర్ పనిచేస్తోందో లేదో డ్యాష్‌బోర్డు విప్పి ఉన్నప్పుడే చూసుకోవడం మంచిది.