గానుగకు మనుషుల్ని కట్టిన జైలు
అండమాన్ స్మారకంలో మన్యం వీరుడి జ్ఞాపకం

గానుగ తిప్పేది ఎద్దు. అండమాన్‌లోని సెల్యులర్ జైలులో మాత్రం ఆ పని మనుషుల చేత చేయించారు. గానుగాడించే ఖైదీ రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె, అంటే పదమూడు కిలోలకు పైగా తీసి అప్పగించాలి. తగ్గితే శిక్ష తప్పదు. ఆనాటి గానుగ ఎలా ఉండేదో అక్కడి ప్రదర్శనలో నేటికీ చూడవచ్చు.

మన పెద్దలు "ద్వీపాంతరం పంపేశారు" అని చెప్పుకునే చోటు ఇదే. 1896లో మొదలైన కట్టడం 1906లో పూర్తయింది. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లా ఏడు వరుసలు, ఒక్కొక్కటి మూడేసి అంతస్తులు. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు గల గదికి ఒక్కడే ఖైదీ. ఒక వరుస ముఖం మరో వరుస వీపు వైపు ఉంటుంది. మనిషికి మనిషి ముఖం కనబడకూడదన్నదే దొరల ఎత్తుగడ!

ఈ జైలుతో మన మన్యానికీ సంబంధం ఉంది. 1922-24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను పట్టుకుని అండమాన్‌కే పంపారు. ఆయన అన్న, బట్టిపనుకుల మునసబుగా పనిచేసిన గంటందొర 1924లో పోరులోనే అసువులు బాశారు. మల్లుదొర ప్రాణాలతో తిరిగి వచ్చారు. 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా అండమాన్ జైలు చూసినవారే.

1933లో ఖైదీలు నిరాహారదీక్షకు దిగారు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర అసువులు బాశారు. 1937లో మళ్లీ దీక్ష సాగింది. ఆ తర్వాతే రాజకీయ ఖైదీలను స్వస్థలాల వైపు తరలించారు.

ఏడు వరుసల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. 1979 ఫిబ్రవరి 11న దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఉరికంబం, ఖైదీల గదులు చూడవచ్చు. సాయంత్రం వేళ వెలుగు నీడలతో, మాటలతో జైలు కథ వినిపిస్తారు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ దీవుల్లో తెలుగువారు చాలామందే ఉన్నారు కనుక భాషకు బెంగ లేదు.

సముద్రపు ఒడ్డు చూడడానికి వెళ్లేవారు ఒక పూట ఈ జైలుకు కేటాయించాలి. ప్రతి గది తలుపు గడియ గోడలోకి, ఖైదీ చేతికి అందనంత దూరంలో ఉంటుంది. పిల్లవాణ్ణి లోపల నిలబెట్టి, ఊచల్లోంచి చేయి చాచి గడియ అందుకోమంటే చాలు. స్వరాజ్యం ఊరికే రాలేదని వాడికి వేరే చెప్పనక్కర లేదు.