అద్దం వంటి నాణెం

మీలో చాలామంది తపాలా బిళ్ళలు పోగుచేస్తూ ఉంటారు. కొందరి ఇళ్ళలో ముత్తాతల నాటి అణాలూ, బేడలూ, చిల్లి కాణీలూ ఏదో ఒక డబ్బాలో గలగలలాడుతూ ఉంటాయి. అయితే పొరపాటున కూడా అటువంటి డబ్బాలో పడవేయకూడని నాణేలు కొన్ని ఉన్నాయి. వాటిని గురించి చెప్పబోయేముందు చిన్నప్పుడు నేను చేసిన ఒక ఘనకార్యం చెప్పాలి.

మా తాతగారి దగ్గర ఒక పది రూపాయల వెండి నాణెం ఉండేది. గాంధీజీ శతజయంతికి 1969లో మన ప్రభుత్వం వేసిన నాణెం అది. బరువు 15 గ్రాములు. అందులో నూటికి 80 పాళ్ళు వెండి. తాతగారు దాన్ని ఎప్పుడో పండగకో పబ్బానికో బయటికి తీసి, రెండు వేళ్ళతో అంచులు మాత్రమే పట్టుకుని మాకు చూపించేవారు. గాంధీజీ తల తెల్లగా, పొగమంచు కప్పినట్టుండేది. చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో మా ముఖాలు కనిపించేవి. నిజంగా అద్దమే!

ఒక ఏడు దసరాకు ముందు అమ్మ వెండి గ్లాసులూ, కుంకుమ భరిణా విభూతి పెట్టి తోముతున్నది. తాతగారి నాణెం అంచుల వెంట కొద్దిగా పసుపు రంగు తిరిగి ఉండడం నేను అంతకుముందే చూశాను. ఇంకేం! నాణెం పట్టుకొచ్చి, తడిగుడ్డతో విభూతి అద్ది, బొటనవేలితో సుడులు తిప్పుతూ రుద్దాను. పసుపు పోయింది, నాణెం తళతళలాడింది. మెచ్చుకుంటారనుకుని తాతగారి చేతికిచ్చాను.

ఆయన దాన్ని దీపం కింద అటూ ఇటూ వంచి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "వెండి ఎక్కడికీ పోలేదురా. అద్దమే పోయింది," అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీకు ఇప్పుడే చెబుతాను.

మన జేబుల్లో తిరిగే నాణేలను టంకసాలలోని యంత్రాలు నిమిషానికి వందలకొద్దీ అచ్చువేస్తాయి. పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు, మధ్య లోహపు బిళ్ళ. ఒక్క దెబ్బతో బొమ్మా బొరుసూ రెండూ పడతాయి. తయారైన నాణేలు ఒకదానిమీద ఒకటి గలగలమని రాలుతాయి. ఆ రాలడంలోనే వాటికి బోలెడన్ని గాట్లు పడతాయి. చిల్లరకు అవేమీ లెక్కలోవి కావు.

తాతగారి నాణెం మాదిరి వాటిని ప్రూఫ్ నాణేలంటారు. పూర్వం కొత్త అచ్చు సరిగా కుదిరిందో లేదో పరీక్షించడానికి మొదట కొన్ని నాణేలు కొట్టి చూసేవారు. ఆ పేరు అలా వచ్చింది. తరువాత, ముచ్చటపడి దాచుకునేవారి కోసమే వాటిని ప్రత్యేకంగా చేయడం మొదలుపెట్టారు. అచ్చులో ఖాళీగా ఉండే భాగాన్ని అద్దంలాగా మెరుగుపెడతారు. బొమ్మ ఉండే భాగాన్ని మాత్రం సన్నగా గరుకు చేస్తారు. లోహపు బిళ్ళను కూడా ముందుగానే మెరుగుపెట్టి, ఒక్కొక్కదాన్నే అచ్చులో ఉంచి, రెండుసార్లో అంతకన్న ఎక్కువసార్లో గట్టిగా నొక్కుతారు. అందువల్లనే నేల అద్దంలాగా, బొమ్మ మంచులాగా వస్తాయి. అచ్చు గరుకు త్వరగా అరిగిపోతుంది గనక మొదట కొట్టిన నాణేల మీదనే ఆ మంచు బాగా తెల్లగా ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన పని ఆలోచించండి. విభూతి మనకు ఎంతో మెత్తగా తోస్తుంది. కాని అందులో సన్నని గరుకు రేణువులుంటాయి. గ్లాసుకు దానివల్ల నష్టం లేదు, అది రోజూ తోమించుకునేదే. అద్దం వంటి నాణెం మీద ప్రతి రేణువూ వెంట్రుకకన్న సన్నని గీత గీసింది. పైగా ఆ పసుపు రంగు మురికే కాదు! గాలిలోని గంధకంతో వెండి పైపొర కలిసి అలా రంగు తిరుగుతుంది. దాన్ని రుద్ది తీసేస్తే దానితోపాటు టంకసాల ఇచ్చిన పైపొర కూడా పోతుంది. మళ్ళీ మెరుగుపెట్టవచ్చు గదా అంటారేమో. పెట్టవచ్చు, కాని ఆ మెరుగు మనది, టంకసాలది కాదు. చూడగానే తెలిసినవాళ్ళు పట్టేస్తారు.

ఎలా పట్టేస్తారు? 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన దేశపు పాత రాగి సెంట్ల కోసం ఒక కొలత తయారుచేశాడు. ఇంచుమించు అరిగిపోయిన నాణేనికి 1, మచ్చలేని దానికి 70. ఈ 70 ఎక్కడిదంటారా? అరిగినది ఒక డాలరు చేస్తే అదే నాణెం మచ్చలేకుండా ఉంటే 70 డాలర్లు చేస్తుందని ఆయన లెక్క. ధరల లెక్క కొద్ది కాలానికే తప్పిపోయింది, కొలత మాత్రం నిలిచిపోయింది. 1986లో పి.సి.జి.ఎస్., మరుసటి ఏడు ఎన్.జి.సి. అని అమెరికాలో రెండు కంపెనీలు మొదలయ్యాయి. మనం పంపిన నాణేన్ని ఇటువంటి కంపెనీల నిపుణులు పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ బిళ్ళలో మూసి తిరిగి పంపుతారు. అయిదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో కూడా లోపం కనిపించకపోతేనే ప్రూఫ్ 70. తోమిన నాణేనికి అసలు అంకే వేయరు, శుభ్రం చేసినట్టు రాసి పంపుతారు. మా తాతగారి నాణెం పంపితే జరిగేది అదే.

నన్నడిగితే పిల్లలు ఈ అంకెల వెంట పడనక్కరలేదు. 69కీ 70కీ తేడా మామూలు కంటికి ఆనదు, ధరలో మాత్రం చాలా తేడా ఉండవచ్చు. సాధారణ నాణేలకయితే పరీక్ష రుసుమే నాణెం ధరను మించిపోతుంది. అంకె కొనుక్కునే డబ్బుతో ఇంకొక నాణెం కొనుక్కోవచ్చు!

మన దేశంలో స్మారక నాణేలు 1964లో, నెహ్రూ చనిపోయిన తరువాత ఆయన బొమ్మతో మొదలయ్యాయి. ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడాలలో టంకసాలలున్నాయి. నందమూరి తారక రామారావు శతజయంతికి హైదరాబాదు టంకసాలలో తయారైన వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. అది 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. అందులో సగం వెండి, తక్కినది రాగి, నికెలు, తుత్తునాగం. దానిమీద వంద అని ఉన్నా అమ్మిన ధర వేలలో ఉన్నది గనక ఎవరూ దాన్ని పట్టుకుపోయి కూరలు కొనరు.

మీ ఇంట్లో ఇటువంటి నాణెం ఉంటే దాన్ని పెట్టెలోంచి తీయకుండానే చూడండి. తీయక తప్పకపోతే చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరిన తరువాత, పరుపు మీద అంచులు పట్టుకుని తీయండి. నాణెం దగ్గర నోరు విప్పవద్దు, తుంపర పడితే మచ్చ నిలుస్తుంది. వేలిముద్రలోని జిడ్డూ ఉప్పూ కొంతకాలానికి లోహంలో దిగిపోతాయి. మెత్తగా సాగే ప్లాస్టిక్ సంచులు ఇంకా ప్రమాదం. వాటిలో కొన్నింటి నుంచి ఆమ్లం ఊరి నాణెం మీద పచ్చని జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది గనక దాన్ని వెండి దగ్గరికి రానివ్వవద్దు. చింతపండూ, నిమ్మకాయా, పళ్ళపొడీ సంగతి ఇక నేను వేరే చెప్పనక్కరలేదు గదా!

పాత నాణెం ఎవరైనా ప్రూఫ్ అని అమ్మజూపితే తొందరపడి కొనవద్దు. మామూలు నాణేన్ని మెరుగుపెట్టి అంటగట్టేవాళ్ళుంటారు. తేదీ కింద చూడండి. బొంబాయి ప్రూఫ్ నాణేల మీద బి అనే ఇంగ్లీషు అక్షరం ఉండేది. నగరం పేరు ముంబయి అయిన తరువాత ఎమ్ వచ్చింది. తరువాత దీపం కింద నెమ్మదిగా వంచి చూడండి. అద్దంలో సుడులు తిరిగిన సన్నని గీతలు కనిపిస్తే, నావంటివాడెవడో దాన్ని విభూతితో తోమాడన్నమాట.

మా తాతగారి నాణెం ఇప్పుడు నా దగ్గరే ఉన్నది. పసుపు రంగు మళ్ళీ తిరిగింది. నేను దాని జోలికి పోలేదు.