నిలబడితే ఊగే బల్ల

ఎత్తు మార్చుకునే స్టాండింగ్ డెస్క్ కూర్చున్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది. పైకి లేపామా, టైప్ చేస్తుంటే మానిటర్ తల ఊపడం మొదలుపెడుతుంది. మోటార్ పోయిందేమో అనుకుంటాం. కానీ మోటార్ పని ఎత్తడం, దించడం వరకే. ఊగుడు మాత్రం ఎక్కువగా కాళ్ల నుంచో, జాయింట్ల నుంచో వస్తుంది.

మెకానిక్స్‌లో కాంటిలివర్ గుర్తుందా? ఒక చివర బిగించిన కడ్డీని రెండో చివర అదే బలంతో నెడితే, పొడవు 2 రెట్లయితే వంగుడు 8 రెట్లవుతుంది. డెస్క్ కాలూ దాదాపు అంతే. పైగా అది గొట్టంలో గొట్టం. లేచేకొద్దీ లోపల మిగిలే భాగం తగ్గి, మధ్యలో ఉన్న కాస్త సందు కూడా పైన పెద్ద ఊపుగా తెలుస్తుంది. అందుకే ఊగుడుని తగ్గించగలం గానీ సున్నా చెయ్యలేం.

మా అక్క ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. నడుం నొప్పని ఇలాంటి డెస్క్ కొని, ఊగుతోందని నిలబడటమే మానేసింది. సెలవుల్లో వెళ్లినప్పుడు నేను ఈ వరసలో చూశాను.

ముందు నేల. ఏ పాదం కిందైనా కాగితం దూరుతుంటే, అక్కడి లెవెలింగ్ స్క్రూ తిప్పి నేలకి ఆనించాలి.

తర్వాత డెస్క్ లేపి, అంచు పట్టుకుని మెల్లగా ఊపండి. ముందుకీ వెనక్కీ ఊగితే, కాలు పాదంతో కలిసే చోట చూడండి. పక్కలకి ఊగితే, కాళ్లని కలిపే అడ్డకమ్మీ దగ్గర చూడండి.

ఇప్పుడు బల్లని పూర్తిగా దించి, ప్లగ్ తీసేసి, అలెన్ కీ పట్టుకోండి. బోల్టులన్నీ కొంచెం వదులు చేసి, ఫ్రేమ్ సరిచేసి, కారు చక్రం నట్లలాగా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒక్కోటే పూర్తిగా బిగించుకుంటూ పోతే ఫ్రేమ్ వంకరగానే ఉండిపోతుంది. చెక్కలో స్క్రూ ఊరికే తిరుగుతుంటే, జిగురు రాసిన అగ్గిపుల్లలు రంధ్రంలో దూర్చి, ఆరాక బిగించండి.

చివరగా ఎత్తు. మోచేయి లంబకోణంలో ఉంటే చాలు, అంతకంటే పైకి లేపిన ప్రతి సెంటీమీటరూ ఊగుడుకే. పొడవాటి మానిటర్ స్టాండ్ కూడా ఊపుని పెంచి చూపిస్తుంది.

అక్క డెస్క్‌లో అడ్డకమ్మీ బోల్టులు రెండు వదులుగా దొరికాయి. ఇప్పుడు పొద్దున మీటింగులన్నీ నిలబడే చేస్తోంది. మీ డెస్క్‌లో వెల్డింగ్ చీలినా, కాలు వంగినా మాత్రం బిగించి వాడకండి, ఆ భాగం మార్చాల్సిందే.