సప్తపది తరువాత

ఒకనాటి పల్లెబడులలో జూన్ మాసము వచ్చినదన్న ఒక దృశ్యము తప్పక కనబడుచుండెడిది. తండ్రి కుమార్తెను చేయిపట్టి తెచ్చి ఉపాధ్యాయుని బల్లముందు నిలుపును. ఉపాధ్యాయుడు ప్రవేశపు పుస్తకము తెరచి పేరడుగును. ఇంట పిలుచు పేరొకటి, బారసాలనాడు పెట్టిన పేరు వేరొకటి. ఇంటిపేరు పొడి అక్షరముగా మిగులును. పుట్టినదెన్నడని అడిగిన, ‘వరికోతల ముందు’ అని తండ్రి సమాధానము. బడియీడు సరిపోవునట్లు ఒక తేదీ వేసి ఉపాధ్యాయుడు పుట త్రిప్పును. ఇరువదియేండ్లకు పిమ్మట ఆ పిల్ల పెండ్లియై అమెరికాలోని భర్తకడకు పోబోవునపుడు, ఒక పరదేశపు అధికారి ఆ వ్రాతను అక్షరమక్షరము సరిచూచునని ఆయన కలనైనను తలచియుండడు.

మన పెండ్లికి సాక్షి అగ్నిహోత్రుడు. జీలకర్ర బెల్లము పెట్టిన సుముహూర్తమును బంధువులెల్లరు కన్నులార చూచిన చాలునని మన పెద్దలు భావించిరి. చట్టము సైతము ఇంచుమించుగా అట్లే భావించినది. 1955 నాటి హిందూ వివాహ చట్టపు 7వ విభాగము, సప్తపది ఆచారముగా గలచోట ఏడవ అడుగుతో వివాహము పూర్తియగునని చెప్పుచున్నది. 8వ విభాగము రిజిస్ట్రేషనుకు వీలు కల్పించినదే గాని, అది జరుగనంత మాత్రమున పెండ్లి చెల్లదని అనలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో చేసిన చట్టము రిజిస్ట్రేషనును నిర్బంధము చేసినది. 2024లో సుప్రీంకోర్టు, కర్మకలాపము జరుగక ధ్రువపత్రము మాత్రమున్న హిందూ వివాహము వివాహమే కాదని స్పష్టపరచినది. అనగా మన న్యాయస్థానమునకు పెండ్లి వస్తువు, పత్రము దాని నీడ. పరదేశపు కార్యాలయమునకు ఆ నీడయే కనబడును. హోమధూమము అంతదూరము పోదు.

అమెరికా తలుపులు భారతీయులకు తెరచుకొన్న కథ పెద్దది. 1946 శాసనము భారతదేశమునకు ఏటికి నూరుగురి చొప్పున అనుమతించినది. 1965 శాసనము దేశములవారీ పాతలెక్కను తొలగించి కుటుంబబంధమునకు పెద్దపీట వేసినది. నేటికిని అక్కడి పౌరుని భార్యకు వార్షిక సంఖ్యాపరిమితి లేదు. భర్త పౌరుడు గాక గ్రీన్‌కార్డుదారు మాత్రమే అయినచో పరిమితి కలదు. కావున వరుసలో నిలువవలెను. సంబంధము కుదుర్చుకొనునపుడు లాంఛనములను గూర్చి గంటలకొలది ముచ్చటించు పెద్దలు ఈ ఒక్క ప్రశ్న అడుగుట మరచుచుందురు.

మొదట భర్త ఐ-130 అను అర్జీ దాఖలు చేయును. అది ఆమోదము పొందిన పిదప నేషనల్ వీసా సెంటరు రుసుములను, పత్రములను స్వీకరించును. భార్యను పోషింపగలనని భర్త హామీపత్రము వ్రాయవలెను. సాధారణముగా అతని ఆదాయము అచ్చటి ప్రభుత్వము ప్రకటించు దారిద్ర్యరేఖలో 125 శాతమునకు తగ్గరాదు. జనన ధ్రువపత్రము, వివాహ ధ్రువపత్రము, పాస్‌పోర్టు కార్యాలయమిచ్చు పోలీసు క్లియరెన్సు, నియమిత వైద్యుల పరీక్ష, ఇన్నియు సమకూడవలెను. హైదరాబాదున అమెరికా కాన్సులేటు 2008లో వెలసినను, వలసవీసా ముఖాముఖికి తెలుగువారు ముంబయి పోవుచున్నారు.

ఈ పత్రములన్నింటిలో ఎక్కువగా చిక్కుపెట్టునది ధనము కాదు, పేరు. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాసి, దానిని పొడి అక్షరముగా కుదించి, అసలు పేరును చివర నిలుపుదురు. పాశ్చాత్యుల అర్జీలో ఇంటిపేరునకు ఒక గడి, వ్యక్తి పేరునకు వేరొక గడి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచి, పేరంతయు రెండవ గడిలో నింపినవారికి అమెరికా వీసాలో ఆ పేరంతయు ఇంటిపేరుగా మారును. వ్యక్తి పేరుండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అను మూడక్షరములు వచ్చి కూర్చుండును. వాని అర్థము పేరు తెలియదని. బియ్యముపై వ్రాసి, చెవిలో ముమ్మారు చెప్పిన పేరు ఇట్లు తెలియనిదైపోవును. పదవ తరగతి పత్రమున ఒక వ్రాత, ఆధారులో మరొకటి, పెండ్లి పత్రమున భర్త ఇంటిపేరుతో మూడవది అయినచో, ఆ ముగ్గురును ఒక్కతెయేనని ప్రమాణపత్రము వ్రాయవలసివచ్చును. పెండ్లియైన మరునాడే పాస్‌పోర్టులో పేరు మార్పింప తొందరపడుట మంచిది కాదు. నడుమ మారిన పేరునకు ప్రతి మెట్టుకడను సంజాయిషీ చెప్పుకొనవలెను. జనన నమోదు లేనివారు స్థానిక అధికారులనుండి నమోదు లేదను పత్రమును తెచ్చి, దానికి బడి ధ్రువపత్రమును, పెద్దల ప్రమాణపత్రములను జతపరతురు. పల్లెబడి పుస్తకము అప్పుడు సాక్ష్యమునకు వచ్చును.

పత్రముల చిక్కు ఓర్పుతో వీడును. ప్రయాణపు చిక్కు అట్టిది కాదు. అర్జీ నడుచుచుండగా భర్తను చూచి వత్తునని భార్య సందర్శక వీసా కోరినచో, ఆమె తిరిగివచ్చునన్న నమ్మకము కలుగలేదని అధికారి నిరాకరింపవచ్చును. కావున క్రొత్తదంపతులు నెలలకొలది, ఒక్కొక్కప్పుడు ఏండ్లకొలది, సముద్రమునకు ఈవలను ఆవలను ఉందురు. వీసా చేతికి రాకముందే ప్రయాణము నిశ్చయించుకొనవద్దని కార్యాలయములే హెచ్చరించుచున్నవి. వచ్చిన వీసాకు సాధారణముగా ఆరు మాసములకు మించి గడువుండదు; అది వైద్యపరీక్ష గడువుతో ముడివడియుండును.

ఇంతకన్న కఠినమైనది, చదువునకై వెళ్లి అచ్చటి పౌరుని పెండ్లాడి, అచ్చటనే ఐ-485 అర్జీ పెట్టిన విద్యార్థిని పరిస్థితి. అర్జీ తేలకమునుపు ఆమె దేశము దాటినచో అర్జీని తానే విడిచిపెట్టినట్లు లెక్క. అట్లు కాకుండుటకు ‘అడ్వాన్స్ పెరోల్’ అను అనుమతిని ముందుగా పొందవలెను. పెరోల్ అను మాట తెలుగు పత్రికాపాఠకునకు కారాగార వార్తలలోనే పరిచయము. పుట్టింటికి పోవుటకు ఆ మాటయే వినవలసివచ్చుట ఆమెకు ఎట్లుండునో ఊహింపవచ్చును. హెచ్-1బి ఉద్యోగులకు, వారిపై ఆధారపడిన హెచ్-4 వారికి, హోదాయు వీసాయు చెల్లుబాటులో ఉన్నంతవరకు ఈ నిర్బంధము లేదు. విద్యార్థి వీసాపై వెళ్లినవారికి కలదు.

అట్టి విద్యార్థినికి ఒక అర్ధరాత్రి తెనాలినుండి ఫోను వచ్చినదనుకొందము. తండ్రికి గుండెపోటు. అనుమతి చేతిలో లేదు. ఆసుపత్రి పత్రములు చూపి అత్యవసర అనుమతి కోరు మార్గము కలదు గాని, ఇచ్చుట అధికారి విచక్షణ. ఇచ్చినను తిరిగి ప్రవేశము సరిహద్దు అధికారి నిర్ణయమే. అనుమతి లేక పోయిన, భర్తతోడి కాపురము మరల మొదటి మెట్టునకు దిగును. పోకున్న, తండ్రి కడచూపు దక్కదు. తొమ్మిదవనాటికో పదవనాటికో చేరవచ్చునని ఓదార్చువారికి అర్జీల వరుస తెలియదు. అందుచేత ప్రయాణము అక్కరలేనినాడే, ఐ-485తోపాటే, ప్రయాణానుమతికి కూడ అర్జీ పెట్టుకొనవలెను. ఆ దినమున అది అనవసరపు కాగితమువలె తోచును.

కార్డు చేతికి వచ్చినంతనే కథ ముగియదు. దొంగపెండ్లిండ్లను అరికట్టుటకు 1986లో చేసిన శాసనము ననుసరించి, నివాసహోదా లభించునాటికి పెండ్లియై రెండేండ్లు నిండనిచో రెండేండ్ల షరతుల కార్డే ఇత్తురు. దాని గడువునకు ముందటి 90 దినములలో దంపతులిద్దరు కలిసి ఐ-751 అర్జీ పెట్టి, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దెపత్రము, పన్నుల లెక్కలు మొదలగువానితో తమ కాపురమును నిరూపించుకొనవలెను. విడాకులైనను, భర్త హింసించినను భార్య ఒంటరిగా అర్జీ పెట్టుకొను మినహాయింపు చట్టములోనే కలదు. ఆ సంగతి తెలియని ఆడుబిడ్డ భర్త సంతకమే తన బ్రతుకనుకొను ప్రమాదము కలదు. కాపురమునకు పంపునపుడు తల్లిదండ్రులు సారెతోపాటు ఆమె పత్రముల నకళ్లను వేరొక సంచిలో పెట్టి ఆమె చేతికే ఈయవలెను. అవి భర్త పెట్టెలో చేరరాదు. కార్డు వచ్చిననాడు ఆ 90 దినములు మొదలగు తేదీని లెక్కకట్టి, ఆ సంచిపై ఆమె స్వహస్తముతో వ్రాసికొనవలెను.