కోళ్ల షెడ్డులో ఊక: రోజూ ఎత్తిపోయనక్కరలేదు

మన గ్రామ సంఘములలో పది, ఇరవై కోళ్లు పెంచుకొనే కుటుంబములు చాలా ఉన్నాయి. పిల్లల పుస్తకములకు, మందులకు, కానుకకు ఆ గ్రుడ్ల డబ్బే ఆధారమైన ఇళ్లూ ఉన్నాయి. అయితే షెడ్డు శుభ్రము చేసే పని ఎక్కువగా తల్లుల మీద, ఆడపిల్లల మీద పడుతుంది. ఆదివారము గుడి గంట కొట్టే వేళకు కూడ చీపురు చేతిలోనే ఉంటుంది. ఈ శ్రమలో చాలా భాగము అనవసరము.

కోళ్ల క్రింద పరచిన ఊకను పొడిగా ఉంచితే చాలు. శుభ్రమైన నేలమీద వరి ఊక గాని, వేరుశనగ పొట్టు గాని 4 అంగుళముల మందమున పరచండి. వారమునకు రెండుసార్లు దంతెతో తిరగవేసి, పైన కొద్దిగా క్రొత్త ఊక చల్లండి. కొన్ని నెలలకు అది 8 అంగుళముల వరకు పెరుగుతుంది. లోపల సూక్ష్మజీవులు రెట్టను ఎరువుగా మారుస్తాయి. అందులో పుట్టే వేడి చలికాలములో కోళ్లకు మేలే. అమెరికాలోని ఓహియో వ్యవసాయ పరిశోధనా కేంద్రములో 1940వ దశకములో కెన్నార్డ్, చాంబర్లిన్ అనే శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించి, తరచుగా మార్చిన పొట్టు మీదకంటె ఇట్లు పెరిగిన పాత పొట్టు మీదనే కోడిపిల్లలు బాగుగా బ్రతికినట్లు చూపారు.

పాతదంటే తడిసినదని కాదు సుమండీ! గుప్పెడు ఊక తీసి పిడికిట గట్టిగా నొక్కండి. చేయి తెరిస్తే మెల్లగా విడిపోవాలి. ముద్దలా నిలిచిందంటే తడి ఎక్కువైనట్లే. షెడ్డులో ఘాటు వాసన ముక్కుకు తగిలినా, కళ్లు మండినా అమోనియా వాయువు చేరిందని గ్రహించండి. ఆ ఘాటు మనకు నిలబడినంత సేపే, కోళ్లకు రాత్రంతా. తడి ఊకలోనే కాక్సిడియోసిస్ అనే రక్తపు విరేచనముల రోగము వ్యాపించి, కోడిపిల్లలు వరుసగా చనిపోతాయి. తడిసిన చోటు మాత్రము ఎత్తివేసి, పొడి ఊక వేసి, కొద్దిగా పొడిసున్నము కలపండి.

ఈ తడి చాలమట్టుకు నీళ్ల కుండీ దగ్గరనుండే వస్తుంది. దానిని ఇటుకల మీద, కోడి వీపు ఎత్తున పెడితే అంతగా ఒలకదు. చూరు 3 అడుగులు బయటికి ఉంటే వానజల్లు లోపలికి రాదు. గోనెపట్టాలు జల్లు కొట్టే వైపున, కొట్టినంత సేపే దించండి. గాలి ఆడకపోతే ఊక ఆరదు. పెట్టకు 2 చదరపు అడుగులకంటె చోటు తగ్గితే ఎంత తిరగవేసినా లాభము లేదు.

రోగముతో కోళ్లు చనిపోతే మాత్రము ఈ పొదుపు పనికిరాదు. ఊకంతా తీసివేసి, ఇంటికి దూరముగా పూడ్చి, నేలకు సున్నము కొట్టి బాగుగా ఆరిన తరువాతనే క్రొత్త పిల్లలను దింపండి.

ఏ రోగమూ రాకపోతే ఏడాదికి ఒకసారి, వేసవిలో ఎత్తితే సరిపోతుంది. పశువుల ఎరువుకంటె ఇందులో నత్రజని ఎక్కువ. పచ్చిగా మొక్క మొదట వేస్తే వేరు మాడుతుంది గనుక రెండు నెలలు కుప్పవేసి, మట్టి కప్పి ఉంచి, ఆ తరువాత పొలమునకు తోలండి.